రౌండ్ వన్‌కి పరుగెత్తాలా, స్కోరు పెంచుకోవాలా?

ప్రశ్న: వయసు 28, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికాలో ఎంబీఏ చేయాలని ఉంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో 655 వచ్చింది. సెప్టెంబరులో రౌండ్ వన్‌లోనే, అంటే దరఖాస్తుల మొదటి విడతలోనే, వేసెయ్యమంటున్నారు స్నేహితులు. మళ్లీ పరీక్ష రాసి జనవరిలో రౌండ్ టూలో వేస్తే స్కాలర్‌షిప్ అవకాశం పోతుందా? నా దగ్గర 9 లక్షలున్నాయి. మిగతా దానికి ఊళ్లో స్థలం అమ్ముతానంటున్నారు నాన్న.

జవాబు: ముందు నాన్నగారిని ఆగమనండి. సీటే రాకుండా స్థలం బేరానికి పెడితే, మీ తొందర కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

655 తక్కువేం కాదు, పాత జీమ్యాట్ లెక్కలో 700 దరిదాపు. కాకపోతే మన ఐటీ కుర్రాళ్ల క్యూ చాలా పొడుగు. సీటుకు సరిపోయిన స్కోరు స్కాలర్‌షిప్‌కు చాలకపోవచ్చు. 16 రోజుల తేడాతో మళ్లీ రాయొచ్చు, తగ్గితే ఆ స్కోరు ఎవరికీ పంపక్కర్లేదు. ఆగస్టులో ఇంకోసారి రాయండి. అప్లికేషన్‌తో పంపే వ్యాసాలు కూడా కుదిరితే రౌండ్ వన్, లేదంటే నిశ్చింతగా రౌండ్ టూ. రౌండ్ త్రీ మాత్రం వద్దు. అప్పటికి డబ్బూ సీట్లూ చాలావరకు పంచేసి ఉంటారు, వీసా టెన్షన్ వేరే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లెక్క వేరు. అక్కడ స్కూలు ఇచ్చే సాయం అవసరాన్ని బట్టే, స్కోరును బట్టి కాదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: మీకు నచ్చిన నాలుగైదు స్కూళ్లకూ ఒకే రౌండ్‌లో వెయ్యండి. అప్పుడు ఆఫర్లన్నీ ఇంచుమించు ఒకేసారి చేతికొస్తాయి. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ గడువుకు పది రోజుల ముందు, రెండో స్కూలు ఇచ్చిన స్కాలర్‌షిప్ లెటర్ జతచేసి నాలుగు లైన్ల మెయిల్ పెట్టింది. మొదటి స్కూలు తన స్కాలర్‌షిప్ పెంచింది. అన్నిసార్లూ పెంచరు, కానీ మర్యాదగా అడిగినందుకు సీటు తీసేయరు. డిపాజిట్ కట్టేశాక అడిగితే మాత్రం పెద్దగా పట్టించుకోరు.

ఆ మెయిల్ విలువెంతో చూడండి. 10% వడ్డీకి పదేళ్ల లోన్ అయితే, 10 లక్షల స్కాలర్‌షిప్ నెలకు 13,215 రూపాయల ఈఎంఐ తగ్గిస్తుంది. మొత్తం దాదాపు 15.86 లక్షలు. చదువుకునేటప్పుడు పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు.

స్థలం అమ్మే బదులు తనఖా పెడితే బ్యాంకు వడ్డీ కాస్త తగ్గుతుంది. వ్యవసాయ భూమి అయితే చాలా బ్యాంకులు తీసుకోవు, పట్టా చూసుకోండి. మీ 9 లక్షలు కాలేజీ ఫీజులో పోయకండి, ముందు ఖర్చులకు ఉంచుకోండి. చాలా స్కూళ్లలో ఒక్కో అప్లికేషన్‌కే 250 డాలర్ల దాకా అవుతుంది. ఆపైన డిపాజిట్, వీసా, టికెట్, అక్కడ మొదటి రెండు నెలల అద్దె.