అరచేతి ఆకారంలో ఉండే ఆ కుర్చీ ఎవరిది? ఆయన ఆర్కిటెక్టేనా?

ఆ కుర్చీ మెక్సికో కళాకారుడు పెద్రో ఫ్రైడెబెర్గ్‌ది. ఆర్కిటెక్చర్ చదివిన మాట నిజమే కానీ, ఇళ్లు కట్టి పేరు తెచ్చుకున్న మనిషి కాదు.

1936లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం మెక్సికో చేరింది. అక్కడ ఇబెరోఅమెరికానా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్‌లో చేరాడు. అది గాజు, కాంక్రీటు పెట్టెల్లాంటి భవనాల కాలం. ఈయనకేమో అలంకారం మీద మోజు. కట్టడానికి వీల్లేని భవనాలు గీసేవాడు. మథియాస్ గొయెరిట్స్ అనే కళాకారుడు ప్రోత్సహించడంతో చిత్రాలు, శిల్పాల వైపు మళ్లాడు. 1961లో ఆయనతోనే ‘లోస్ ఆర్తోస్’ బృందంలో కలిశాడు. ‘విసిగిపోయినవాళ్లు’ అనుకోవచ్చు, అప్పటి కళారంగం మీద ఎకసెక్కం అది.

1962 ప్రాంతంలో వచ్చిందే మీరడిగిన కుర్చీ. మహాగనీ చెక్కలో చెక్కింది. అరచేతిలో కూర్చుంటాం, వేళ్లకు చేరగిలబడతాం. తర్వాత బంగారు రేకు తొడిగినవీ వచ్చాయి. అది శిల్పమా, ఫర్నిచరా అన్న ప్రశ్నకు నా లెక్కలో రెండూ. ఎటూ తేలకుండా ఉండటమే అందులో సర్రియలిజం, అంటే కలలోలా తర్కానికి అందని వింత కళాధోరణి.

చదువు మాత్రం వృథా పోలేదు. ఆయన చిత్రాలు చూడండి: గళ్ల నేలలు, మెట్లు, స్తంభాలు, స్కేలు పెట్టి గీసినంత కచ్చితమైన పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు కనిపించేలా గీసే పద్ధతి). కుర్చీ ఎంత ప్రసిద్ధమైనా, నాకు ఆ చిత్రాలే ఎక్కువ ఇష్టం.