కౌంటర్ దగ్గర అడగండి: లైబ్రరీ బాగుపడిందట, పుస్తకం మాత్రం దొరకదట!

ఈసారి ఉత్తరాలన్నీ యూనివర్సిటీ లైబ్రరీల మీదే వచ్చాయి, అదీ ఎక్కువగా నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి. ముప్పై ఏళ్లు ఇష్యూ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి కదా, చదువుతుంటే సంతోషమేసింది, కొన్నిచోట్ల కడుపు కూడా మండింది.

మా అమ్మాయి ఎమ్మే హిస్టరీ చదువుతోంది. ఏడాదిలో చేసిన పనులంటూ వాళ్ల లైబ్రరీ రంగుల పుస్తకం ఒకటి అచ్చేసింది. కంప్యూటరీకరణ పూర్తయిందట, గేటు దగ్గర మిషన్లు పెట్టారట, ఈ-బుక్స్ లక్షల్లో ఉన్నాయట. అమ్మాయేమో ఇంటికొచ్చినప్పుడల్లా "కావాల్సింది ఒక్కటీ దొరకదు నాన్నా" అంటుంది. ఎవర్ని నమ్మాలి?
– ఓ తండ్రి, కావలి

ఇద్దర్నీ నమ్మండి. మిషన్లు వచ్చిన మాట నిజమే, పుస్తకం దొరకని మాటా నిజమే.

ఆ లక్షల ఈ-బుక్స్ ఒక్కోటి ఏరి కొన్నవి కావండీ, మూటగా వచ్చినవి. అందులో మీ అమ్మాయి సిలబస్‌కి అక్కరకొచ్చేవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టరు. మొత్తం పుస్తకాల సంఖ్య చూసి కూడా మురిసిపోవద్దు, చిన్నబుచ్చుకోవద్దు. ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది, మన విక్రమ సింహపురి 2008లో పుట్టింది, ఒంగోలు ఆంధ్రకేసరి ఇంకా చిన్నపిల్ల. వీటి ర్యాకులు పక్కపక్కన పెట్టి కొలిస్తే ఏం న్యాయం? నేనైతే రెండే చూస్తాను. ఏడాదిలో ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయి, పిల్లలు అడిగిన పుస్తకం ర్యాకులోకి రావడానికి ఎన్ని రోజులు పట్టింది. ఈ రెండో లెక్క వేసిన రిపోర్టు నా కంటికైతే ఇంతవరకూ కనపడలేదు.

కారణం చెప్తా వినండి. అమ్మాయి ఆగస్టులో ఒక పుస్తకం కావాలని రాసిచ్చింది అనుకుందాం. హెచ్.ఓ.డి. సంతకం, కమిటీ, కొటేషన్లు అయ్యేసరికి సంక్రాంతి దాటుతుంది. మార్చి 31లోగా డబ్బు ఖర్చు పెట్టకపోతే వెనక్కిపోతుందని అప్పుడు పడతారు హడావిడి. ఆఖరి వారంలో ఆటోల్లో కట్టలు దిగుతాయి, బిల్లులు పాసవుతాయి, రిపోర్టులో "ఈ ఏడాది ఇన్ని కొన్నాం" అని ఎక్కుతుంది. కట్టలు మాత్రం పురికొస తాడు కూడా విప్పకుండా టెక్నికల్ సెక్షన్‌లో నేల మీదే ఉంటాయి. ఒక్కోదానికి అక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ ఆ పుస్తకానికిచ్చే వరస నంబరు, వెయ్యాలి, వర్గీకరించాలి, స్టాంపు కొట్టాలి, వెన్ను మీద లేబుల్ అంటించాలి, ఇప్పుడైతే ట్యాగు కూడా. ఉన్నది ఇద్దరు మనుషులు. పుస్తకం ర్యాకెక్కేది జూన్‌లోనో జూలైలోనో, అప్పటికి అడిగిన పిల్ల పరీక్షలు రాసేసి వెళ్లిపోయి ఉంటుంది. నేను ఉద్యోగం చేసిన చోటా ఇదే తంతు, నా చేతుల మీదే జరిగింది కూడా, కాబట్టి పక్కవాళ్ల మీద నెపం పెట్టడం లేదు.

ఇంకో తిరకాసు ఉంది. ర్యాకులో ఉన్న తెలుగు పుస్తకం కూడా కంప్యూటర్లో కనపడదు. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు గనక. "చరిత్ర" అనే ఒక్క మాటకే ఒకరు 'సి' పక్కన 'హెచ్' పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు 'త్ర'లో ఇంకో 'హెచ్' ఇరికిస్తారు. అమ్మాయి ఒకలా కొడితే రికార్డు ఇంకోలా ఉంటుంది, "లేదు" అని వస్తుంది. చాలాచోట్ల లైబ్రరీ పనులకి వాడే 'కోహా' సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు లిపిని శుభ్రంగా తీసుకుంటుంది. కానీ పాత రికార్డులన్నీ కూర్చుని తెలుగులోకి మార్చాలిగా, దానికి రిబ్బన్ కటింగ్ ఉండదు, ఫొటో పడదు.

అందాకా అమ్మాయిని కంప్యూటర్ వదిలేసి 954.8 ర్యాకు ముందు ఓ అరగంట నిలబడమనండి. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణ వాడే లైబ్రరీల్లో దక్షిణ భారత చరిత్ర అక్కడుంటుంది, ఆంధ్రప్రదేశ్‌ది 954.84. దొరకని పుస్తకం పేరు కౌంటర్లో నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద తేదీ వేసి ఇవ్వమనండి. నోటిమాట రిపోర్టుకెక్కదు.

పుస్తకం రిటర్న్ బాక్సులో వేసి వచ్చేశాను. సిస్టంలో ఇంకా నా పేరు మీదే ఉందట. నో డ్యూస్ ఇవ్వడం లేదు, ఫైన్ పెరుగుతోంది, టి.సి. ఆగిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది సార్.
– పి.జి. విద్యార్థి, పొదలకూరు

టెన్షన్ పడకు నాయనా, ముందు ర్యాకు చూడు. అట్ట లోపలివైపు అంటించిన, రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తుపట్టించే ఆర్‌ఎఫ్‌ఐడి ట్యాగును మిషన్ చదివితేనే నీ పేరు కొట్టేస్తుంది. పల్చటి పుస్తకాలు రెండు ఒకదానికొకటి అతుక్కుని పడితే ఒక ట్యాగు కింద ఇంకోటి దాక్కుంటుంది, ఒకటే నమోదవుతుంది. తర్వాత అటెండరు వచ్చి రెండూ తీసుకెళ్లి ర్యాకులో సర్దేస్తాడు. "పోయింది" అన్న పుస్తకం దాని చోట్లోనే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో!

ఒక్కటి మాత్రం, ఆలస్యం చెయ్యకు. ఇష్యూ చేసినప్పుడు గేటు కూయకుండా ట్యాగులో కాపలా ఆపేస్తారు, రిటర్న్ నమోదైతేనే అది మళ్లీ మొదలవుతుంది. అంటే నీ పుస్తకం ఇప్పుడు ర్యాకులో కాపలా లేకుండా ఉంది, ఎవరు పట్టుకుపోయినా గేటు నోరు మెదపదు. అక్సెషన్ నంబరు రాసుకుని వెళ్లు, ర్యాకులు వెతికించమని, అప్పటిదాకా ఫైన్ ఆపమని అర్జీ ఇవ్వు, కాపీ మీద స్టాంపు వేయించుకో. ఇకముందు బాక్సు నుంచి స్లిప్పు వచ్చేదాకా అక్కడినుంచి కదలొద్దు.

అన్నట్టు, బాక్సు పెట్టినవాళ్లకి ఓ మాట. మన నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు వానలు ఏటవాలుగా కొడతాయి, వరండా అంచున పెడితే లోపల పుస్తకాలు నానతాయి. తడిసినవాటిని ఎండలో పడెయ్యకండి, అట్టలు వంకర్లు పోతాయి. కాస్త విప్పి నిలబెట్టి, పేజీల మధ్య అచ్చులేని తెల్లకాగితాలు పెట్టి, ఫ్యాను కింద ఉంచి, కాగితాలు మారుస్తూ ఉండండి. రెండు రోజులు అలా వదిలేస్తే మాత్రం బూజే.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది, జర్నల్స్ అన్నీ ఉచితమన్నారు. ఇంట్లో తెరిస్తే డబ్బులు కట్టమంటోంది. మోసమా?
– పరిశోధక విద్యార్థిని, ఒంగోలు

మోసం కాదమ్మా, తలుపు వేరే వైపు ఉంది. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పథకం ఇది, మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతోంది. క్యాంపస్ నెట్‌లో ఉంటే మన సంస్థని గుర్తుపట్టి తెరుచుకుంటాయి. ఇంటి నుంచి కావాలంటే యూనివర్సిటీ లైబ్రరీల్ని నెట్‌తో కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల 'ఇన్‌ఫెడ్' ద్వారా లాగిన్ అవ్వాలి. ఆ ఖాతా ఇప్పించేది మీ లైబ్రరీయే. ఐడీ కార్డు పట్టుకుని వెళ్లి అడుగు. ఇంత డబ్బు పోసి తెచ్చినదాన్ని ఎలా తెరవాలో చెప్పే కాగితం ఒక్కటి నోటీసు బోర్డులో పెట్టరేం అని నాకూ కోపమే.

థీసిస్‌ని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 13 శాతం పోలిక వచ్చింది. పిహెచ్.డి. పోయినట్టేనా?
– సింగరాయకొండ

పోలేదు. 2018 యు.జి.సి. నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు. నువ్వింకా సమర్పించలేదు కాబట్టి ఇప్పుడే దిద్దుకోవచ్చు. ముందు ఆ 13లో ఏముందో చూడు. గ్రంథసూచి, ఆధారం చూపించిన ఉటంకింపులు, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. వాటిని తీసేసి మళ్లీ చూపించమను.

మా నాన్నగారు తెలుగు మాస్టారు. ఆయన పుస్తకాలు ఆరు వందల దాకా ఉన్నాయి. యూనివర్సిటీకి ఇస్తామంటే "లిస్టు పంపండి, చూస్తాం" అన్నారు. ఉచితంగా ఇస్తుంటే ఈ బెట్టేంటి?
– కందుకూరు

బాధపడకండి. ఉచితంగా వచ్చినదానికీ పైన చెప్పిన చాకిరీ అంతా ఉంటుంది, చోటు కావాలి, ఒక్క చెదపురుగుల పెట్టె వచ్చిందంటే పక్క ర్యాకులన్నీ గోవిందా. లిస్టు అడిగారంటే పని తెలిసినవాళ్లే.

పాఠ్యపుస్తకాలు, గైడ్లు పక్కన పెట్టేయండి. ఊళ్ల చరిత్రలు, చిన్న ప్రెస్సుల్లో అచ్చయిన శతకాలు, వరసగా దాచిన పత్రికల సంచికలు, మాస్టారు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న పుస్తకాలు ముందు రాయండి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం చూశారా? 1918లో పెట్టిందది, 2022 దాకా మన ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర కూడా అక్కడుంది. కానీ పరిశోధకులు పరిగెత్తుకెళ్లేది కర్ర కోసం కాదు, పాత పత్రికల కోసం. వాటిని ఎవరో తూకానికి వెయ్యకుండా దాచబట్టే కదా. యూనివర్సిటీ వద్దన్నవి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి అడిగి చూడండి.

స్టాక్ వెరిఫికేషన్‌లో 11 పుస్తకాలు తగ్గాయి. నా జీతంలోంచి పట్టుకుంటామంటున్నారు.
– డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్, బుచ్చిరెడ్డిపాలెం

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి 2017లో 215వ నియమం ప్రింటు తీసి ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టండి. ఏడాదిలో ఇష్యూ అయిన, అక్కడే కూర్చుని చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని అందులో ఉంది, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. మీ దగ్గర ఏడాదిలో ఇష్యూ అయినవి, చదివినవి కలిపి మూడు వేలుంటే పదిహేను దాకా సరి. వెయ్యి రూపాయలు దాటినవి, అరుదైనవి పోతే మాత్రం విచారణ తప్పదు. మీ కాలేజీకి రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయనొచ్చు, అయినా కొలబద్దగా చూపించడానికి పనికొస్తుంది.

అదంతా తర్వాత. ముందు స్టాఫ్ రూముల్లో బీరువాలు తెరిపించండి. పదకొండులో సగం అక్కడే దొరకకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి.