జేబులో పట్టే సర్వైవల్ కిట్ కొనొచ్చా?

కడప జిల్లాలోని లంకమల అడవికి ట్రెక్కింగ్‌కి పోతున్నామని, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న రేకు డబ్బా సర్వైవల్ కిట్ (దారి తప్పితే పనికొస్తాయని అగ్గిపుల్లలు, దిక్సూచి, చేపల గాలాల్లాంటివి సర్దిన డబ్బా) కొనమంటారా అని అడిగారు. నన్నడిగితే వద్దు. ఒక మంచి విజిల్ కొనండి, మిగిలిన డబ్బుకి నీళ్లు మోసుకుపోండి. అలాంటి డబ్బా నేనే ఒకటి సొంతంగా సర్దుకుని మా బావ ముందు పరువు పోగొట్టుకున్నాను.

మాది కడప. 2019లో శివరాత్రి అయిన రెండు వారాలకి ఇద్దరం సిద్ధవటం మీదుగా ఆ అడవిలోని శివుడి గుడి నిత్యపూజకోనకి పోయినాం. పండగప్పుడు దారి పొడుగునా జనమే, ఆరోజు మాత్రం నరపురుగు లేదు. తిరిగొచ్చేటప్పుడు అడ్డదారి అనుకుని ఒక వంకలోకి, అంటే చిన్న వాగులోకి, దిగాం. సాయంత్రం ఐదుకి యాడున్నామో తెలీలేదు. ధీమాగా డబ్బా తీశాను.

అగ్గిపుల్లలు పన్నెండు ఉన్నాయి, గీసే పట్టీ లేదు. ఆ పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుందని, అది లేకుండా సేఫ్టీ అగ్గిపుల్ల అంటుకోదని బడిలో చదివిందే. బావ నావైపు చూసి ఏమీ అనలేదు, తిట్టినా బాగుండేది. (ఒకందుకు మేలే, మార్చిలో ఆ ఎండుగడ్డి మధ్య నిప్పు రాజేస్తే కొండంతా అంటుకునేది.) దిక్సూచిని డబ్బా మూత మీదే పెట్టి చూశాను. ఇనుప రేకు కదా, ముల్లు ఒకవైపు చూపింది, అరచేతిలో పెడితే ఇంకోవైపు. అయినా పడమర యాడుందో సూర్యుడే చెప్తున్నాడు, మాకు కావాల్సింది దారి. గాలాల సంగతి వదిలేయండి, వంకే ఎండిపోయింది.

బావ వంక మలుపులో తడి ఇసుక చూసి చేతుల్తో చెలమ తవ్వాడు. మోచేయి లోతున నీళ్లు ఊరాయి. తువ్వాలుతో వడగట్టి సీసాకి పట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాం. మురికి నీళ్లలో ఉన్నపళంగా వేస్తే మాత్ర సరిగా పనిచేయదు. అంటే డబ్బా చేసింది నీళ్లని శుభ్రం చేయడమే. నీళ్లు దొరికింది మాత్రం బావ చిన్నప్పుడు పెన్నలో వాళ్ల నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న విద్యతో.

విజిల్ మాత్రం మా పాలిట దేవుడు. మూడేసి సార్లు ఊది, ఆగి, మళ్లీ మూడు. అరిచి ఉంటే పావుగంటకే గొంతు పోయేది. చీకటి పడేవేళకి గుట్ట మీదనుంచి "ఎవుర్రా అది?" అని కేక. మేకల కాపరి. కిందికి దిగొచ్చి ఆయన అడిగిన మొదటి మాట: "ఇంట్లో ఎవరికన్నా చెప్పి వచ్చినారా?" ఇద్దరం నేల చూపులు చూశాం. నా కాల్లో ముల్లు ఆయనే తీశాడు, మొలతాడుకున్న పిన్నీసుతో. నా డబ్బాలో కూడా పిన్నీసు ఉందని చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు విజిల్ మెడలో ఉంటుంది, సంచిలో కాదు. జారిపడి సంచి దొర్లిపోతే అందులో ఏమున్నా లేనట్టే. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, చిన్న టార్చి, పిన్నీసులు జేబులో. పాము కరిస్తే కోయడానికని కొన్ని కిట్లలో బ్లేడు పెడతారు, ఆ పని మాత్రం చేయకండి. గాటు పెట్టకూడదు, బిగించి కట్టకూడదు, కాలు కదలనీయకుండా మోసుకుని, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉండే ఆసుపత్రికి పోవాలి. ఇంకోటి, అది ఎర్రచందనం ఉన్న అడవి. అనుమతి లేకుండా, జేబులో కత్తితో రాత్రిపూట దొరికితే మీరు ట్రెక్కర్లని ఫారెస్టు వాళ్లకి నచ్చజెప్పడానికి ఏ కిట్టూ పనికిరాదు.