అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ (తక్కువ ఫీజుతో రెండేళ్ళ కోర్సులు చెప్పే స్థానిక ప్రభుత్వ కాలేజీ) అందరికీ సమానంగా అందుతోందో లేదో మ్యాప్ చూసి చెప్పగలమా?

చెప్పగలం. కానీ ఆ మ్యాప్ ఏ టైముకి గీశారో ముందు అడగాలి. పగలు పదింటికి గీస్తే కాలేజీ అందరికీ దగ్గరే. రాత్రి తొమ్మిదిన్నరకి గీసి చూడండి, సగం ఊరు మాయమవుతుంది. ఇది నేను క్లాసులో నేర్చుకున్నది కాదు, క్లాసు వదిలాక పార్కింగ్ లాట్‌లో నేర్చుకున్నది.

2016లో పెళ్ళయి, హెచ్4 వీసా మీద, అంటే అక్కడ హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, డాలస్ ఉత్తర శివార్లకు వచ్చాను. ఉద్యోగం చేసే వీల్లేదు, చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదు. ఇంట్లో ఒకటే కారు. అది పొద్దున ఎనిమిదింటికి మా ఆయనతో పాటు వెళ్ళి రాత్రి ఏడింటికి వచ్చేది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉన్న వారం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. నాకు లైసెన్సు లేదు. నల్గొండలో స్కూటీ మీద తిరిగిన ధైర్యమంతా ఇక్కడ ఆరు లేన్ల రోడ్డు చూడగానే జారిపోయింది. బీకాం చేశాను కదా అని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ కోర్సు తీసుకుందామనుకున్నాను. కాలేజీ పేరు చెప్పను.

"కమ్యూనిటీ కాలేజీనా? అక్కడెవరు చదువుతారమ్మా?" అని మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకావిడ మొహం మీదే అంది. ఆవిడ కొడుకు తర్వాత హైస్కూల్లో ఉండగానే అదే కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ (స్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సులు) చేశాడు, ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు చదివాం. ఫీజు తక్కువైతే చదువూ తక్కువే అనుకోవడం మనవాళ్ళకున్న జబ్బు. సరే, అది వదిలేయండి.

ఫోన్‌లో మ్యాప్ చూశాను. నాలుగు మైళ్ళు, బస్సులో 35 నిమిషాలు. ఒక మధ్యాహ్నం ట్రయల్ వేసి కూడా వచ్చాను. ఏసీ బస్సు, అన్నీ ఖాళీ సీట్లే, డ్రైవర్ నవ్వుతూ పలకరించాడు. ఇంకేం కావాలి, ఫీజు కట్టేశాను. క్లాసు మంగళ, గురువారాలు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదీ ఇరవై దాకా.

మొదటి రెండు వారాలు మా ఆయనే వచ్చి తీసుకెళ్ళారు. మూడో మంగళవారం క్లాసు మధ్యలో మెసేజ్: "ఆఫీసులో ఇరుక్కుపోయాను, బస్సెక్కి వచ్చెయ్, ట్రయల్ వేశావుగా." వేశాను. తొమ్మిదీ ఇరవై అయిదుకి బయటపడ్డాను. బిల్డింగ్ నుంచి రోడ్డు మీది స్టాపు దాకా పార్కింగ్ లాట్ దాటడానికే పది నిమిషాలు పట్టింది. స్టాపంటే గడ్డిలో పాతిన ఇనప కర్ర, దాని మీద ఒక నంబరు. బెంచీ లేదు, లైటు లేదు. ఫోన్ వెలుతురులో టైమింగ్స్ చూస్తే ఆఖరి బస్సు తొమ్మిదీ పదికే వెళ్ళిపోయింది. క్లాసు పూర్తి కాకముందే! ఫోన్‌లో ఛార్జింగ్ ఎనిమిది శాతం. పక్కనే కార్లు జుయ్యిమని పోతున్నాయి, ఫుట్‌పాత్ రెండు వందల అడుగులు పోయి ఆగిపోయింది. నాలుగు మైళ్ళేగా, నడిచేద్దామా అని ఒక్క నిమిషం అనుకున్న మాట నిజం.

అప్పుడొక పాత కరోలా వచ్చి ఆగింది. క్లాసులో నా వెనక వరసలో కూర్చునే మెక్సికో ఆవిడ, పగలు డేకేర్‌లో పనిచేసేది. కారులో అప్పటికే ఇద్దరు ఉన్నారు. "బస్సు కోసమా? రాత్రిపూట నేనే బస్సుని, ఎక్కు" అంది. ఇంటికొచ్చేలోపు తెలిసిన విషయమేంటంటే, ఆ ఇద్దరూ ఏ కోర్సు తీసుకోవాలో కేటలాగ్ చూసి ఎంచుకోలేదు. ఆవిడకి మంగళ, గురువారాల్లో క్లాసుంటే వాళ్ళూ మంగళ, గురువారాల్లో ఏది దొరికితే అది తీసుకున్నారు. ఒకతనికి వెల్డింగ్ ఇష్టమట, చేరింది మాత్రం ఇంగ్లీషులో. ఆ రోజు నుంచి నేను మూడో పాసింజర్ని. అక్టోబరు చివర్లో డేకేర్‌లో ఆవిడ షిఫ్టు మారి క్లాసు మానేసింది. రెండు వారాల్లో ఆ ఇద్దరూ మానేశారు. నేను మాత్రం మా ఆయనతో రోజూ గొడవపడి ఎలాగో పూర్తి చేశాను. కాలేజీ లెక్కల్లో వాళ్ళిద్దరూ "వ్యక్తిగత కారణాల"తో మానేసినవాళ్ళే అయి ఉంటారు. ఆ కారణం పేరు కరోలా.

మా నాన్నకి ఏ మ్యాపూ తెలియదు. నన్ను డిగ్రీలో చేర్చే ముందు ఆయన ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళలేదు, బస్టాండులో ఎంక్వయిరీకి వెళ్ళాడు. "సాయంత్రం మా ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి?" అదొక్కటే ప్రశ్న. ల్యాబులు నాలుగున్నరకి అయిపోతాయా, అయిదుంబావు పల్లెవెలుగు అందుతుందా, అది పోతే నైట్ హాల్ట్ బస్సు ఉందా అని చూసుకుని అప్పుడు అప్లికేషన్ కొన్నాడు. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ. మంచిదే, మా మేనకోడలు ఆ టికెట్ మీదే చదువుతోంది. కానీ ట్రిప్పు రద్దయిన రోజు జీరో టికెట్‌తో ఏం చేసుకుంటుంది?

అమెరికాలో మ్యాప్ గీసేవాళ్ళు ఈ తిరుగు బస్సునే వదిలేస్తారు. క్యాంపస్ చుట్టూ అయిదు మైళ్ళ సున్నా చుట్టి, లోపలున్నవాళ్ళందరికీ "అందుబాటు" అని రాసేస్తారు. మధ్యలో ఫ్రీవే (నడిచి దాటడానికి వీల్లేని పెద్ద హైవే) ఉంటే ఎదురుగా కనిపించే కాలేజీకి రెండు మైళ్ళు చుట్టూ తిరిగి పోవాలని ఆ సున్నాకి తెలియదు. కాస్త తెలిసినవాళ్ళు రోడ్ల మీదుగా 30 నిమిషాల్లో చేరగల ప్రాంతానికి రంగు వేస్తారు. ఇది నయం, కానీ అదీ కారులో. 2021లో సెల్డిన్ హేరింగ్-స్మిత్ ఫౌండేషన్ వాళ్ళు దేశమంతా మ్యాప్ చేసి, 57 శాతం కమ్యూనిటీ, టెక్నికల్ కాలేజీలకే నడిచి వెళ్ళేంత దూరంలో బస్సో రైలో ఆగే స్టాపు ఉందని తేల్చారు. చాలా మంచి పని. కానీ నా ఇనప కర్ర కూడా ఆ లెక్కన స్టాపే కదా.

ఇంకొకటి. ఇక్కడి సెన్సస్ బ్యూరో ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఇంట్లో ఎన్ని వాహనాలున్నాయో అడుగుతారు. కారు లేని ఇళ్ళు ఎక్కడున్నాయో చూడ్డానికి అందరూ ఆ టేబులే వాడతారు. మా ఇల్లు అందులో "ఒక వాహనం". అంటే నాకు కారున్నట్టే! తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఏ టేబుల్లోనూ ఉండదు. హెచ్4 మీద వచ్చిన ఆడవాళ్ళలో ఎంతమందిది ఇదే కథో నాకు లెక్క తెలియదు. మా కాంప్లెక్స్‌లో అయితే పదిలో ఎనిమిది మంది.

డాలస్ సంగతే తీసుకుంటే బస్సు ఎక్కడాగాలో నిర్ణయించేది దూరం కాదు, అమ్మకం పన్ను. టెక్సస్‌లో స్థానిక అమ్మకం పన్ను డాలరుకి రెండు సెంట్లు మించకూడదు. 1983లో ఏర్పడ్డ డార్ట్ అనే బస్సు, రైలు సంస్థలో చేరిన ఊరు అందులో ఒక సెంటు దానికివ్వాలి. ఫ్రిస్కో, మెకిన్నీ, అలెన్ లాంటి ఊళ్ళు ఆ సెంటుని కంపెనీలను తెచ్చుకోవడానికి, పార్కులు, ఇతర పనులకు పెట్టుకున్నాయి, డార్ట్‌లో చేరలేదు. మన తెలుగువాళ్ళు ఎగబడి ఇళ్ళు కొన్నది ఆ ఊళ్ళలోనే. స్కూళ్ళ రేటింగ్ చూసి కొంటాం, బస్సు ఉందా అని ఒక్కరం అడగం. తర్వాత ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు "బయటికి పోదామంటే జైలులా ఉంది" అంటారు. అటు చూస్తే ఇర్వింగ్‌లో డాలస్ కాలేజీ నార్త్ లేక్ క్యాంపస్ పక్కనే 2012 నుంచి డార్ట్ రైలు ఆరెంజ్ లైన్ స్టేషనుంది. మైళ్ళు లెక్కేస్తే రెండు చోట్లా కాలేజీ దగ్గరే.

2018లో ఇంకో కాలేజీలో విద్యార్థుల తరఫున ఒక మీటింగులో కూర్చున్నాను. స్క్రీన్ మీద ఆకుపచ్చ సున్నాల మ్యాప్ పెట్టారు. "ఇది రాత్రి తొమ్మిదిన్నరకా?" అని అడిగాను. అందరూ నా యాస అర్థం కాలేదేమో అన్నట్టు చూశారు. మళ్ళీ అడిగాను. ఆ మ్యాప్ చేసిన కుర్రాడు మాత్రం మీటింగయ్యాక వచ్చి, బస్సు టైమింగ్స్ అన్నీ జీటీఎఫ్ఎస్ అనే ఫైళ్ళలో ఫ్రీగా దొరుకుతాయని, మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో ఎలా తెరవాలో చూపించాడు. ఇంటికొచ్చి వారం రోజులు కూర్చుని మా ప్రాంతానికి రెండు మ్యాపులు చేశాను. పగటిది అరిటాకంత ఉంది. రాత్రిది తమలపాకంత.

మీరు ప్రాజెక్టు కోసం అడిగినట్టున్నారు. ఆ ఫైళ్ళలో స్టాప్ టైమ్స్ అని ఒకటుంటుంది, క్యాంపస్ స్టాపు నంబరు పట్టుకుని సోమవారం నుంచి శుక్రవారం దాకా, శనాదివారాల్లో ఆఖరి బస్సు ఎన్నింటికో విడివిడిగా తీయండి. పక్కన ఆ కాలేజీ సాయంత్రం క్లాసులు ఎన్నింటికి వదులుతారో రాయండి. బిల్డింగ్ తలుపు నుంచి స్టాపుకి నడక టైము కలపడం మర్చిపోవద్దు, పార్కింగ్ లాట్లు చాలా పెద్దవి. ఎక్కడైనా ఇరుక్కుంటే కింద అడగండి, నా పాత ఫైళ్ళు వెతికి పెడతాను. శనివారం దాకా ఆగాలి మరి, ఈ వారం సాయంత్రాలు నా కారులో పక్కింటమ్మాయి క్లాసుకి వెళ్తోంది, నేనూ అక్కడే లైబ్రరీలో కూర్చుంటున్నాను.