తుపాను సంగతి నలుగురికీ చెప్పాల్సి వచ్చినప్పుడు

చి. అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రంలో చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నేను పనిచేసిన వాతావరణ శాఖలోకే నువ్వూ వచ్చావంటే ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. మోడళ్లు, ఉపగ్రహ చిత్రాలు నాకంటే నీకే బాగా తెలుసు. టీవీ వాళ్ల ముందు మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉందన్నావట. అందుకే ఈ ఉత్తరం.

మైకు ముందుకు వెళ్లేముందు, నీ మాట విని ఎవరు ఏం తేల్చుకోవాలో ఒకసారి ఆలోచించు. ఎన్ని గ్రామాలు ఖాళీ చేయించాలన్నది కలెక్టరు గారి తలనొప్పి. వారం పది రోజుల వేటకని బోటులోకి ఐసు, డీజిలు ఎక్కిస్తున్నవాడికి ఈ రాత్రి బయల్దేరాలా వద్దా అన్నదే కావాలి. నవంబరు, డిసెంబరుల్లో అయితే గోదావరి జిల్లాల రైతు కోసిన పనలు చేలోనే ఉంచాలా, కుప్ప వేసేయాలా అని ఆకాశం వంక చూస్తుంటాడు. ‘వాయుగుండం పశ్చిమ వాయవ్య దిశగా కదులుతోంది’ అని చదివేసి ఊరుకుంటే వీళ్లలో ఎవరికీ జవాబు దొరకదు. బోటు వాళ్లకు ఒక వాక్యం, రైతుకు ఒక వాక్యం విడివిడిగా రాసుకుని వెళ్లు.

విలేకరులు మొదట అడిగేది ‘ఎక్కడ తీరం దాటుతుంది మేడం?’ అనే. మూడు రోజుల ముందు ఒక్క ఊరి పేరు చెప్పకు. ఈ రోజుల్లో కూడా 72 గంటల ముందు వేసే అంచనా సగటున సుమారు 150 కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే మచిలీపట్నానికీ కాకినాడకూ మధ్య ఉన్నంత దూరం! 24 గంటల ముందుకు వచ్చేసరికి అది సగానికి తగ్గుతుంది. ఆ మాటే చెప్పు. ‘ఇప్పటికి ఈ రెండింటి మధ్య ఎక్కడైనా దాటొచ్చు, రేపు సాయంత్రానికి ఇంకా స్పష్టంగా చెప్పగలం’ అంటే జనానికి బాగానే అర్థమవుతుంది. తెలియనిదాన్ని దాచిపెడితేనే నమ్మకం పోతుంది. మ్యాపు మీద గీసిన గీతను మాత్రమే చూపించనివ్వకు. గీతకు వంద కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లు కూడా గాలివానకు నష్టపోతారు.

అంకెల్ని నేల మీదికి దించు. మన లెక్కలో 24 గంటల్లో 115.6 మిల్లీమీటర్లు పడితే అతి భారీ వర్షం, 204.5 దాటితే అత్యంత భారీ. స్క్రోలింగులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే ‘20 సెంటీమీటర్లు పడిందంటే ఎకరం చేలో 8 లక్షల లీటర్ల నీళ్లు పోసినట్టు’ అని చెప్పు. రైతు వెంటనే తన మురుగుకాలువ ఎంత లాగుతుందో లెక్క వేసుకుంటాడు. రెడ్ అలర్ట్ అన్నదాన్ని ఛానెళ్లు ప్రళయంలా చూపిస్తాయి. చర్యలు తీసుకోవాల్సిన సమయం వచ్చిందని దాని అర్థం, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని. అడిగినా అడగకపోయినా ప్రతిసారీ ఈ ముక్క చెప్పు.

ఇక అన్నిటికంటే కష్టమైనది. ‘కాస్త గట్టిగా చెప్పండి మేడం, లేకపోతే జనం కదలరు’ అనే అధికారి ఒకరుంటారు. ‘కాస్త తగ్గించి చెప్పండి, పండగ సీజను, వ్యాపారాలు దెబ్బతింటాయి’ అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే కావచ్చు. ఇద్దరికీ లొంగవద్దు. ఖాళీ చేయించాలా వద్దా అన్న నిర్ణయం వాళ్లది, ఆ నిర్ణయానికి ఆధారం మాత్రం నీది. ఒక్కసారి పెంచి చెప్పావంటే మరోసారి నిజంగా పెద్దది వచ్చినప్పుడు నీ దగ్గర మాటలు మిగలవు.

2013 నవంబరులో వచ్చిన లెహర్‌నే తీసుకో. బంగాళాఖాతం మధ్యలో అతి తీవ్ర తుపాను. అంతకు వారం ముందే హెలెన్ మచిలీపట్నం దగ్గర దాటింది కాబట్టి కోస్తా అంతా బిక్కుబిక్కుమంటోంది. తీరా 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి లెహర్ వాయుగుండంగా నీరసించిపోయింది. పైగాలులు దాన్ని చెదరగొట్టాయి, పొడిగాలి లోపలికి చొరబడింది, సముద్రంలో వేడి చాలలేదు. ఇలాంటప్పుడు ‘ఊరికే భయపెట్టారు’ అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ రోజు ఫోన్ స్విచాఫ్ చేసుకోవద్దు. వాళ్లు అడగకముందే నువ్వే పిలిచి, ఏం జరిగిందో, ఎందుకు బలహీనపడిందో, హెచ్చరిక ఇచ్చిన రోజున మన దగ్గర ఏ సమాచారం ఉందో చెప్పు. పునరావాస కేంద్రంలో పిల్లలతో రెండు రాత్రులు గడిపి వచ్చిన తల్లికి ఆ వివరణ అడిగే హక్కుంది.

అదే ఏడాది అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు వ్యవహారం దీనికి తలకిందులైంది. మన శాఖ తీరం దాటేటప్పుడు గాలి వేగం గంటకు 210-220 కిలోమీటర్లు ఉంటుందంది. అమెరికా నౌకాదళ కేంద్రం అంతకంటే బాగా ఎక్కువ వేసింది, మన వాళ్లు తక్కువ చేసి చెబుతున్నారని విదేశీ నిపుణులు కొందరు విమర్శించారు. మన లెక్క మూడు నిమిషాల గాలి వేగం సగటు, అమెరికా వాళ్లది ఒక్క నిమిషం సగటు; తక్కువ సేపటి సగటు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొంత తేడా అక్కడే వస్తుంది. మనవాళ్లు తమ అంచనా మీదే నిలబడ్డారు. చివరికి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి దాదాపు మనవాళ్లు చెప్పినట్టే వీచింది. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణనష్టం చాలావరకు తప్పింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న సంగతి తెలిసినవాళ్లెవరూ దీన్ని చిన్న విషయం అనుకోరు.

ఇంకొక్క పని ఉంది, సీజను మొదలయ్యేలోపే చెయ్యి. జిల్లా విలేకరులను ఆగస్టులో ఒకసారి ఆఫీసుకు పిలిచి రాడార్ చూపించు, అల్పపీడనానికీ తుపానుకూ తేడా చెప్పు, టీ ఇప్పించు. ఫిషింగ్ హార్బరుకు కూడా వెళ్లి బోటు యజమానుల సంఘం వాళ్లతో కూర్చో. సముద్రంలో ఎంత దూరం వెళ్లాక నీ హెచ్చరిక తమకు చేరడం లేదో వాళ్లే చెబుతారు. అది రాసుకొచ్చి మీ పైఅధికారికి నోట్ పెట్టు.

పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ప్రేమతో,
పెదనాన్న