పాత ఫ్రేమ్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: చెక్క కిటికీలు మార్చి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టిద్దామనుకుంటున్నాం. పాత ఫ్రేమ్‌లోనే బిగిస్తే చాలని ఒకరు, అది కూడా పీకేయాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిదండీ?

జవాబు: ముందు స్క్రూడ్రైవర్‌తో ఫ్రేమ్ కింది మూలల్లో గట్టిగా గుచ్చి చూడండి. వాననీళ్లు నిలిచేది అక్కడే. మొన మెత్తగా దిగబడితే చెక్క పుచ్చినట్టే. మొహమాటపడకుండా మొత్తం తీయించండి. గోడ అంచులు పగులుతాయి, మళ్లీ ప్లాస్టరింగ్, పెయింటింగ్ తప్పవు. కానీ గోడలోకి నీరు దిగే సందు కనబడేది, దాన్ని సరిగ్గా మూయగలిగేది అప్పుడే. చెక్క గట్టిగా, మూలలు సరిగ్గా ఉంటే పాతదాంట్లోనే బిగించుకోవచ్చు. అద్దం మాత్రం నాలుగు వైపులా తగ్గుతుంది. చిన్న కిటికీకైతే నేను ఒప్పుకోను. సందులు మూయడానికి సిలికాన్ పూసేటప్పుడు పక్కనే ఉండండి. కొత్త ఫ్రేమ్ అడుగున నీరు బయటికి పోయే చిన్న రంధ్రాలను మూసేయనివ్వకండి.