రెండో బస్సు ఏది?

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు అందింది. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నట్టు ఊహించుకుని, మూడోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊరు, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చే సరిహద్దులు తిరగగీస్తారన్న వార్త, ఆ వార్తను ఆసరా చేసుకుని బయటి నుంచి వచ్చిన ఒక వక్త, అతని మాటలతో రెండుగా చీలిపోయిన నల్లజాతి, తెల్లజాతి కుటుంబాలు. విషయం పెద్దది, నీ ఆవేదనలో నిజం ఉంది. అయితే ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్న డబ్బు గురించి. ఇంత తక్కువ ఖర్చుతో తీస్తే సినిమా చవకబారుగా కనిపిస్తుందేమోనని భయపడ్డావు. నలభై ఏళ్లపాటు ఇతరులు తీసిన ఫిల్మును కోసి అతికించిన అనుభవంతో చెబుతున్నాను, డబ్బు చాలక చెడిపోయిన సినిమాలను నేను తక్కువే చూశాను. కాగితం మీదే చెడిపోయి, ఆ చెడుతోనే షూటింగుకు వెళ్లిన సినిమాలను చాలా చూశాను. నీ స్క్రిప్టులోనూ అలాంటి చోట్లు కొన్ని ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, ఓపికగా చదువు.

నీ కథకు అరవై ఏళ్లనాటి అన్నగారు ఒకరున్నారు. రోజర్ కార్మన్ తీసి 1962లో విడుదల చేసిన ‘ది ఇంట్రూడర్’ అనే నలుపు తెలుపు చిత్రం అది. నువ్వు చూడలేదని నీ ఉత్తరాన్ని బట్టి అర్థమైంది, ముందు అది చూడు. రెండు రోజుల్లో భయానక హాస్యచిత్రం తీసి పేరు తెచ్చుకున్న కార్మన్, ఈ కథకు ఎవరూ పెట్టుబడి పెట్టకపోతే, తమ్ముడు జీన్‌తో కలిసి సొంత డబ్బు పెట్టి, లక్ష డాలర్లలోపు ఖర్చుతో, 1961 వేసవిలో మిస్సోరి రాష్ట్రపు ఆగ్నేయ మూలనున్న సైక్‌స్టన్, చార్ల్‌స్టన్, ఈస్ట్ ప్రెయిరీ ఊళ్లలో దీన్ని కొద్ది వారాల్లో పూర్తిచేశాడు. చార్లెస్ బోమాంట్ తన నవల ఆధారంగా తానే స్క్రీన్‌ప్లే రాశాడు. అప్పటికి అంతగా పేరు లేని విలియం షాట్నర్ తెల్ల సూటు వేసుకుని, బస్సు దిగి, నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లల బడిలో మొదటిసారి చేరబోతున్న ఒక ఊరికి వస్తాడు. ఊరివాళ్లను రెచ్చగొడతాడు. నల్లజాతివారిని భయపెట్టడానికి శిలువలు తగలబెట్టడం, చర్చి మీద బాంబు, అందులో పాదిరి మరణం వరసగా జరుగుతాయి. పిల్లలకు తోడుగా బడిదాకా నడిచిన స్థానిక పత్రికా సంపాదకుణ్ణి గుంపు చావబాదుతుంది. చివరికి బస్సు దిగివచ్చిన ఈ మనిషి ఆ సంపాదకుడి కూతుర్నే బెదిరించి, ఒక నల్లజాతి విద్యార్థి మీద ఆమెచేత అత్యాచారం నింద వేయిస్తాడు. గుంపు ఆ కుర్రవాణ్ణి పట్టుకున్నాక అమ్మాయి నిజం చెప్పేస్తుంది, జనం ఒక్కొక్కరే తలదించుకుని వెళ్లిపోతారు, రెచ్చగొట్టినవాడు ఒంటరిగా మిగులుతాడు, తిరుగు బస్సు ఎక్కమని అతనికి చెబుతారు.

ఆ రోజుల్లో ఆ ఊళ్లకు వెళ్లి ఈ కథ తీయడానికి ఎంత గుండెధైర్యం కావాలో నీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ సినిమా అంటే నాకు గౌరవం ఉంది. గౌరవం ఉంది కాబట్టే దాని లోపాలు ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు.

మొదటి లోపం, నా దృష్టిలో అతి పెద్దది, బస్సులో ఉంది. కథకు మూలం 1956లో టెనెసీ రాష్ట్రంలోని క్లింటన్ అనే ఊళ్లో, నల్లజాతి పిల్లలు తెల్లజాతి పిల్లల హైస్కూల్లో చేరినప్పుడు జరిగిన సంగతులు. జాన్ కాస్పర్ అనే వ్యక్తి నిజంగానే బయటి నుంచి వచ్చి అక్కడి తెల్లజాతి జనాన్ని రెచ్చగొట్టాడు, గవర్నరు నేషనల్ గార్డు అనే రాష్ట్ర సైనిక దళాలను పంపవలసి వచ్చింది, నల్లజాతి విద్యార్థులకు తోడుగా నడిచిన పాల్ టర్నర్ అనే తెల్లజాతి పాదిరిని కొట్టారు. ఇంతవరకు సినిమాలోని మనిషికి, చరిత్రలోని మనిషికి పోలిక కుదిరింది. అయితే క్లింటన్‌లో కాస్పర్ రాకముందు నుంచే ఇంకో బస్సు నడుస్తూ ఉండేది. ఊళ్లోనే హైస్కూలు ఉండగా, దాని తలుపులు తమకు మూసి ఉండటంవల్ల, నల్లజాతి పిల్లలు రోజూ దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలోని నాక్స్‌విల్‌కు బస్సులో వెళ్లి చదువుకునేవారు. ఆ అన్యాయం మీద వాళ్ల కుటుంబాలు 1950లోనే కోర్టుకెక్కాయి. అంటే చీలిక కాస్పర్ సంచిలో రాలేదు, తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రం తిరిగివచ్చే ఆ బస్సు రూపంలో ఊరి మధ్యనుంచే వెళుతూ ఉండేది. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. సినిమా మొదటి బస్సునే చూపించింది. చీలిక బస్సులో వచ్చింది, బస్సులో వెళ్లిపోయింది అన్న భావం ప్రేక్షకుడికి మిగిలింది. ఊళ్లో ఒక ధనికుడు ఈ వక్తను వెనకేసుకు వస్తాడని, సంపాదకుడికి కూడా మొదట్లో ఈ మార్పు ఇష్టం లేదని సినిమా చెప్పకపోలేదు. అయినా కథ నిర్మాణం ఆ మాటలను మింగేసింది. రాజకీయ చిత్రంలో నిర్మాణమే వాదన. ఎవరి రాకతో కథ మొదలై ఎవరి పోకతో ముగుస్తుందో, తప్పు వాడిదేనని జనానికి అర్థమవుతుంది.

ఇప్పుడు నీ స్క్రిప్టు మొదటి పేజీ తీసి చూడు. నీ వక్త కారులో దిగుతాడు, తొంభైయ్యో పేజీలో అదే కారులో వెళ్లిపోతాడు. కారు మారింది గాని తప్పు అదే. ఈ తప్పు దిద్దడానికి ఒక్క డాలరు కూడా అవసరం లేదు. మొదటి పన్నెండు పేజీల్లో ఆ మనిషి ఊసే లేకుండా ఊరిని చూపించు. ఏ వీధి దాటితే ఇంటి అద్దె మారుతుందో, ఏ బడి బస్సు ఏ మలుపు దగ్గర ఆగకుండా వెళుతుందో, ఏ చర్చిలో ఏ మొహాలు కనిపించవో చూపించు. ఎవరూ కోపంగా మాట్లాడనక్కరలేదు. అందరూ మర్యాదగా ఉండగానే గీత కనిపించాలి. అప్పుడు నీ వక్త వచ్చి ఏం మాట్లాడినా, ఊళ్లో అప్పటికే ఉన్నదానికి అతను గొంతు ఇస్తున్నాడని తెలుస్తుంది.

రెండో లోపం కెమెరా ఎవరిని ప్రేమించిందన్నది. షాట్నర్ ఆ పాత్రను అద్భుతంగా చేశాడు, రాత్రి కోర్టు మెట్ల మీద ఉపన్యాసం ఇచ్చే సన్నివేశంలో అతని మీదనుంచి చూపు మరల్చలేం. తీరా చూస్తే బడికి వెళ్లవలసిన పిల్లలకు దక్కినవి కొద్దిపాటి సన్నివేశాలు. చార్ల్‌స్టన్‌కు చెందిన చార్ల్స్ బార్న్స్ అనే యువకుడు, నటనలో అనుభవం లేకపోయినా, నింద పడిన విద్యార్థి పాత్రను ఎంతో నిబ్బరంగా పోషించాడు. కానీ ఆ పాత్రకు స్క్రిప్టు ఇచ్చినవి మంచితనం, సహనం, ప్రమాదం, అంతే. ఆ కుర్రవాడికి ఏ పాఠం ఇష్టమో, ఎవరిమీద విసుగో, రాత్రి ఇంటికి వచ్చి తల్లితో ఏం చెప్పకుండా దాచుకున్నాడో మనకు తెలియదు. అన్యాయానికి గురైనవాణ్ణి మచ్చలేని బొమ్మగా నిలబెట్టడం కూడా అతన్ని మనిషిగా చూడకపోవడమే.

దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే ఎడిటింగులో నేనే ఈ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట కొద్దిపాటి డబ్బుతో తీసిన ఒక ఊరి కథ నా చేతికి వచ్చింది. దొర వేషం వేసిన నటుడి ప్రతి షాటూ బాగుంది, కూలీల వేషాలు వేసినవారిలో చాలామంది కెమెరా ముందు బిగుసుకుపోయారు. బాగున్న షాటును వదులుకోలేక, దొర మొహం మీద నాలుగు సెకన్లు, కూలీ మొహం మీద ఒక సెకను చొప్పున ఉంచుకుంటూ పోయాను. సినిమా అంతా చూశాక ఒక పెద్దావిడ వచ్చి ఆ దొర ఎంత అందంగా ఉన్నాడో అంది. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లే. అందుకే చెబుతున్నాను, ఉపన్యాసం తీసే రోజున సగం ఫుటేజీ వినేవాళ్ల మీద ఉండాలి. చప్పట్లు కొట్టేవారి మొహాలు ఎవరైనా తీస్తారు. చప్పట్లు కొట్టాలా వద్దా అని పక్కవాడి చేతులకేసి చూసే మనిషి మొహం తీసుకురా. గుంపు ఎలా తయారవుతుందో ఆ చూపులోనే దొరుకుతుంది.

మూడోది, మాటలు. ‘ది ఇంట్రూడర్’ రెండో సగంలో పాత్రలు ఒకరికొకరు విషయాన్ని వివరించుకుంటారు. ఆ వక్త ఎలాంటివాడో మనకు కళ్లతో తెలిసిపోయాక కూడా, సరుకులమ్మే సామ్ గ్రిఫిన్ పాత్ర అతని ఎదుట నిలబడి అతని మనస్తత్వాన్ని విప్పి చెబుతుంది. సామ్ భార్యతో వక్త నడిపిన వ్యవహారమూ ఇలాంటి అతుకే, జాతి విద్వేషం ఒక్కటే దుర్మార్గంగా సరిపోదేమోనని భయపడి దాని పక్కన శీలం కథను నిలబెట్టినట్టుంటుంది. కార్మన్ ఈ సంగతిని తర్వాత తానే గ్రహించాడు. విడుదలైనప్పుడు ఈ చిత్రం డబ్బు తేలేదని, తాను బోధన ఎక్కువ చేశానని, ఆ తర్వాత నుంచి చెప్పదలచుకున్నది కథ లోపలి పొరలో పెట్టడం నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. నీ స్క్రిప్టులో టీచరు నలభై ఒకటో పేజీలో చెప్పే మాటలు చాలా బాగున్నాయి, అందుకే వాటిని కొట్టేయమంటున్నాను. అవి నీ మాటలు, ఆమెవి కావు.

ముగింపు గురించి ఎక్కువ చెప్పను. అబద్ధం బయటపడగానే గుంపు విడిపోవడం ఆ సినిమాలో అన్నిటికంటే బలహీనమైన చోటు. నింద నిజమే అయితే ఆ గుంపు చేయబోయినది న్యాయమయ్యేదా అన్న ప్రశ్న తెర మీదికి రానే లేదు. చరిత్రలో క్లింటన్ హైస్కూలును 1958 అక్టోబరులో బాంబులు పెట్టి పేల్చారు, అంటే కాస్పర్ మొదటిసారి అడుగుపెట్టిన రెండేళ్లకు. అతను వెళ్లిపోతే శాంతి రాలేదు. మరోవైపు అదే బడి నుంచి 1957లో బాబీ కెయిన్ అనే నల్లజాతి విద్యార్థి పట్టా పుచ్చుకుని బయటికి వచ్చాడు. ఆ ఏడాదంతా అతను తరగతి గదిలో ఎలా కూర్చున్నాడన్నది ఏ ఉపన్యాసం కంటే పెద్ద కథ.

ఇప్పుడు నువ్వు భయపడుతున్న పేదరికం సంగతి. ఆ సినిమాలో నేటికీ వాడిపోనివన్నీ డబ్బు లేకపోవడం వల్ల వచ్చినవే. సెట్లు కట్టలేక నిజమైన వీధులు, నిజమైన కోర్టు భవనం, నిజమైన నల్లజాతి వాడ వాడుకున్నారు. గుంపు కోసం నటులను తేలేక ఊరివాళ్లనే నిలబెట్టారు. ఆ మొహాల్లో కనిపించే ఎండ, అలసట, అనుమానం ఏ స్టూడియోలోనూ దొరకవు. పిల్లలు గుంపుగా బడికేసి నడిచే దృశ్యం వార్తాచిత్రంలా ఉంటుంది. కాబట్టి డ్రోను అద్దెకు తీసుకోవద్దు. ఆ డబ్బు మంచి సౌండు రికార్డిస్టుకు ఇవ్వు. మసక బొమ్మను ప్రేక్షకుడు క్షమిస్తాడు, వినపడని మాటను క్షమించడు.

అయితే ఆ షూటింగులో నువ్వు అనుకరించకూడనిది ఒకటుంది. కార్మన్ స్థానికులకు పూర్తి స్క్రిప్టు చూపించలేదు, అసలు విషయం తెలిస్తే వెళ్లగొడతారన్న భయంతో మెత్తబరిచిన ప్రతి ఇచ్చాడు. కథ ఏమిటో తెలిసిన కొద్దీ బెదిరింపులు మొదలయ్యాయి, యూనిట్ సామాను సర్దుకుని వెళ్లిపోయింది. యూనిట్ వెళ్లిపోవచ్చు, ఆ ఊరి కుర్రవాడు వెళ్లలేడు. నీ సినిమాలో నటించే నల్లజాతి కుటుంబానికి, తెల్లజాతి కుటుంబానికి మొత్తం స్క్రిప్టు ఇచ్చి, చదివాక ఏమన్నారో రాసుకో. వాళ్లు తప్పు పట్టిన సన్నివేశాలు చాలావరకు తప్పుడు సన్నివేశాలే అయి ఉంటాయి.

నువ్వు తెలుగువాడివి, ఆ రెండు జాతుల్లో దేనికీ చెందినవాడివి కావు కాబట్టి చెప్పే హక్కుందా అని కూడా అడిగావు. 1964లో మైకేల్ రోమర్, రాబర్ట్ యంగ్‌తో కలిసి ‘నథింగ్ బట్ ఎ మ్యాన్’ తీశాడు. బాల్యంలో నాజీ జర్మనీ నుంచి తప్పించుకున్న యూదుడు రోమర్. దక్షిణాదిలో తిరిగి, నల్లజాతి కుటుంబాల మధ్య గడిపి, ఆ తర్వాతే వాళ్లు కలం పట్టారు. రైలుపట్టాల మీద పనిచేసే ఒక మనిషి పెళ్లి చేసుకుని, తలవంచకుండా ఒక ఉద్యోగం నిలబెట్టుకోవడానికి పడే పాట్లే కథ. అందులో కోర్టు మెట్ల మీద ఉపన్యాసాలు లేవు, పెట్రోలు బంకు దగ్గర కొందరు యువకులు వేసే మాటలున్నాయి. ఆ మనిషి పాత్ర వేసిన ఐవన్ డిక్సన్ వాటిని వింటూ నిలబడిన తీరు చూస్తే మనకే చేతులు బిగుసుకుంటాయి. అదీ కొద్దిపాటి డబ్బుతో తీసినదే. హక్కు వినడం వల్ల వస్తుందని ఆ సినిమా చూశాక నాకు నమ్మకం కలిగింది.

ఇక నీ స్క్రిప్టులోని తెలుగు డాక్టరు. ఇరువైపులా మంచి చెబుతూ, ఎవరి పక్షమూ కానివాడిగా తిరుగుతున్నాడు. అతన్ని అలా వదలకు. సరిహద్దు మారితే అతని కూతురు ఏ బడికి వెళుతుంది? ఇల్లు కొన్నప్పుడు ఆ వీధి అతను ఎందుకు ఎంచుకున్నాడు? ఆ జవాబు అతను భార్యకైనా పైకి చెప్పగలడా? ఇది నీకు లోపలినుంచి తెలిసిన విషయం, ఆ ఊళ్లో మరెవరూ రాయలేని సన్నివేశం.

మీ అమ్మ నీ అప్పుల గురించి బెంగపడుతోంది, ఆమెకు వారానికోసారి ఫోను చెయ్యి. స్క్రిప్టు మొత్తం తిరగరాసి పంపమని అడగను. ఆ మొదటి పన్నెండు పేజీలు, వక్త లేకుండా, తెల్లవారుజామున బస్సు కోసం నిలబడే పిల్లలతో మొదలుపెట్టి రాసి పంపు. అవి చదివాక చివరి సన్నివేశం గురించి మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ మామయ్య